మోకాలి మీద విరిగిన కర్ర

వెర్నా ట్రెగెన్జా గాలపు కర్రని ఒడిలో అడ్డంగా పెట్టుకుని, విరిగిన చోటికి కాస్త కింద రంపపు బ్లేడు ఆనించింది. ఫైబర్ కర్ర పీచులు పీచులుగా చీలి, నమిలి ఊసిన చెరకు పిప్పిలా ఉంది. చీలిక ఎంతవరకు పాకిందో గోటితో తడిమి చూసుకుని, గట్టి భాగం మొదలయ్యే చోట కోసింది. తెల్లటి పొడి ఆమె ముంజేతుల మీద రాలింది. ఆ ముంజేతుల నిండా పాత కత్తిగాట్లే.

"ఇది చేప విరిచింది కాదు," అంది తలెత్తకుండా. "చేప విరిస్తే కొసన విరుగుతుంది. ఇది నడిమికి విరిగింది. మోకాలి మీద పెట్టి విరిచారు."

కెరిన్ బస్సు మెట్టు మీద నిలబడి ఉంది. ఆమె పై పెదవి చిట్లి ఉంది. ఎడమ చెయ్యి పక్కటెముకలకి అదిమిపెట్టుకుని, ఊపిరి కొంచెం కొంచెంగా తీస్తోంది. ముప్పై దాటిన మనిషి, కాఫిన్ బేలో ఆల్చిప్పల షెడ్డులో పని. వెర్నా బస్సు ఊళ్ళోకి వచ్చిందంటే అక్కడివాళ్ళు విరిగిన కర్రలూ బిగుసుకుపోయిన రీళ్ళూ పట్టుకుని వస్తారు. కెరిన్ కూడా అలాగే వచ్చింది.

"ఎంత బరువు?" అంది వెర్నా.

"ఏది?"

"చేప. ఊరికే ఎవడూ కర్ర విరవడు."

"ఇరవై రెండు కిలోలు. మల్లోవే చేప." ఆ పెదవితోనే కెరిన్ నవ్వబోయి ఆగింది. "బ్రెట్‌ది పధ్నాలుగు. క్లబ్బులో అందరి ముందూ తూచారు. మొగుడి టోపీ పెళ్ళానికి పెట్టండిరా అని వాడి నెత్తిమీది టోపీ తీసి నాకు పెట్టారు. అక్కడ వాడూ నవ్వాడు. ఇంటికొచ్చాక మొదట కర్ర, తర్వాత నేను."

వెర్నా కోసిన ముక్కని పక్కన పెట్టింది. "దీనికి వారం పడుతుంది. లోపల గొట్టం దించాలి, జిగురు ఆరాలి, దారం చుట్టాలి, మళ్ళీ పూత ఆరాలి. నేనేమో పొద్దున్నే బయల్దేరుతున్నా. ఎలిస్టన్, స్ట్రీకీ బే, ఆ పైకి."

"మరి నా కర్ర?"

"కర్ర బస్సులోనే ఉంటుంది. కర్ర కావాల్సినవాళ్ళు కూడా ఉండొచ్చు. వెనక మంచం ఖాళీ."

తెల్లవారి బస్సు కదిలేసరికి కెరిన్ వెనక మంచం మీద, బూట్లు కూడా విప్పకుండా, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచితో కూర్చుని ఉంది.

వెర్నాకి అరవై నిండాయి. తండ్రి గోధుమ లారీ తోలేవాడు, తాగితే బెల్టు తీసేవాడు. పదహారో ఏట పోర్ట్ లింకన్‌లో మాంసం ఫ్యాక్టరీలో చేరింది. గొర్రె కళేబరం కొక్కేనికి వేలాడుతూ ముందుకొస్తుంది, అది దాటిపోయేలోపు ఎముకకీ ఎముకకీ మధ్య కత్తి మొన దింపి విడదీయాలి. బలంతో కోస్తే కత్తి మొండిబారుతుంది, కీలు తెలిస్తే వేలితో తోసినా ఊడుతుంది. ఆ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. పక్కవాడి చేతులు చూసి నేర్చుకుంది. ముప్పై ఏళ్ళు అదే బల్ల దగ్గర నిలబడింది.

మొగుడు రాన్ ఆమె ముక్కు రెండుసార్లు విరగ్గొట్టాడు. రెండోసారి తర్వాత ఆమె బడిపిల్లల్ని దింపే పాత బస్సు ఒకటి కొనుక్కొచ్చి పెరట్లో పెట్టింది. సీట్లు పీకింది. పైపులు వేసింది, పొయ్యి బిగించింది, అటకలు కట్టింది. ఆకురాయి మొదలు గ్యాసు వెల్డింగు దాకా అన్నీ దాని మీదే నేర్చుకుంది. ఇద్దరూ కలిసి ఊళ్ళు తిరగడానికే ఆ బస్సు అని రాన్ అందరికీ చెప్పుకున్నాడు. చివరి స్క్రూ బిగించిన రోజు మధ్యాహ్నం ఆమె కంచె దాటించి తోలుకుపోయింది. ఆ తర్వాత రాన్ ఏమయ్యాడో కనుక్కోలేదు. బస్సే ఆమె ఇల్లు, కొట్టు, పొట్టకూడు. తీరం పొడుగునా చేపలు పట్టేవాళ్ళ మధ్య ఆగుతుంది, వాళ్ళ సామాన్లు బాగుచేస్తుంది, తనకి కావాల్సిన చేప తను పట్టుకుంటుంది.

ఎలిస్టన్ దాటాక రోడ్డు వదిలి, ముళ్ళపొదల మధ్య మట్టిదారిన కార్ట్‌వీల్ బీచికి దిగారు. దారి చివర సున్నపురాతి అరుగు ఉంటుంది. బస్సు అంతవరకే పోతుంది. వెర్నా బస్సు మూతిని దారి వైపు, తోకని సముద్రం వైపు పెట్టి ఆపింది. అరుగు కింద మెత్తటి ఇసక, దాని మధ్యలో మోకాలెత్తు కుళ్ళిన నాచు దిబ్బ, ఆ కింద తడి ఇసక.

సాల్మన్ చేపల మంద ఒడ్డుకి ఆనుకుని నల్లటి మరకలా కదులుతోంది. కెరిన్ వెర్నా కర్ర తీసుకుని నీళ్ళలో మోకాలి లోతున నిలబడింది. పక్కటెముకల నొప్పితో చెయ్యి పైకి లేవదు, అందుకని నడుము తిప్పి విసరడం మొదలుపెట్టింది. మొదటి చేప ఒడ్డున పడి ఎగిరెగిరి కొట్టుకుంటుంటే మోకాలితో తొక్కిపట్టి, మొప్పల్లోకి రెండు వేళ్ళు దూర్చి, తల వెనక్కి విరిచింది. మెడ పటుక్కుమంది. నెత్తురు మోచేతి దాకా చిమ్మింది. చేపని బక్కెట్లో తలకిందులుగా గుచ్చి, ఇంకోటి లాగింది. ఇంకోటి విరిచింది. సాయంత్రానికి ఆమె జుట్టు నెత్తుటితో అట్టకట్టింది.

"చాల్లే పిల్లా, మంచు లేదు," అని వెర్నా అరుగు మీంచి అరిచింది.

"ఇదొక్కటీ," అంది కెరిన్. అది కూడా విరిచింది.

ఆ రాత్రి బస్సులోని వైర్‌లెస్ రేడియోలో నోబీ పలికాడు. గోధుమ పొలాలు కొడుక్కి అప్పగించి ట్రైలర్ ఇంట్లో తిరిగే ముసలాడు. ఎక్కడున్నా సాయంత్రమయ్యేసరికి రేడియోలో వెర్నాని కెలుకుతాడు.

"ఏం వెర్నా, ఏమైనా పడ్డాయా, లేక మళ్ళీ డబ్బా చేపలేనా?"

"నా బస్సులో ఒక పిల్లుంది నోబీ. నువ్వు జన్మలో పట్టనన్ని ఇవాళ ఒక్కపూట లాగింది. నువ్వు దాని బక్కెట్టు మొయ్యడానికి కూడా పనికిరావు."

"అబ్బో! ఎక్కడేంటి?"

ఆ తీరం మీద చేపలు పట్టేవాళ్ళు దేనికైనా నిజం చెబుతారు గానీ, ఎక్కడ పడుతున్నాయని అడిగితే చెప్పరు. ఉత్తరమంటే దక్షిణమని అర్థం. వెర్నా కూడా ఇన్నేళ్ళుగా నోబీకి ఒక్క చోటూ సరిగ్గా చెప్పలేదు. ఆ రాత్రి మాత్రం, పిల్ల మీద మురిపెంతో, నోరు జారింది. "కార్ట్‌వీల్‌లో. వచ్చి చూసుకో."

ఆ రేడియో లారీలవాళ్ళు వింటారు, పడవలవాళ్ళు వింటారు. వెర్నా మీట నొక్కి వదిలేసరికి కెరిన్ ముఖం పాలిపోయి ఉంది.

"వెర్నా, ఆ మాట ఎందుకన్నావు? బ్రెట్ బండిలోనూ రేడియో ఉంది."

వెర్నా రేడియో వైపు చూసింది. "తప్పు చేశాను. తెల్లారగానే పోదాం."

కానీ తెల్లవారేసరికి మంద మళ్ళీ ఒడ్డుకి వచ్చింది. నాలుగు విసుర్లు విసిరి వస్తానని కెరిన్ దిగిపోయింది. వెర్నా కూడా ఆపలేదు. అతికించిన కర్ర అప్పటికి గట్టిపడింది. మెట్టు మీద కూర్చుని అతుకు మీద నల్లదారం చుడుతోంది, చుట్టు పక్కన చుట్టు, వెంట్రుకంత సందు లేకుండా.

పికప్ బండి దుమ్ము రేపుకుంటూ వచ్చింది. ఆగలేదు. బస్సు పక్కనుంచి దూసుకుపోతూ దాని పక్క అద్దాన్ని పీక్కుపోయింది. అద్దం ముక్కలు వెర్నా ఒళ్ళో పడ్డాయి. అరుగు దిగి ఇసకలోకి దూకుతున్న బండిని చూసి ఆమె నోట అలవాటుగా ఒకే కేక వచ్చింది.

"టైర్ల గాలి తియ్యి!"

ఆ బీచిల మీదకి దిగేవాడెవడైనా ముందు ఆగి టైర్లలో సగం గాలి వదిలేస్తాడు. లేకపోతే చక్రం ఇసకని తొలుచుకుంటూ పోతుంది. ఇది అక్కడి చిన్నపిల్లలకి కూడా తెలుసు, బ్రెట్‌కి తెలీకపోదు. కానీ కోపం మీద ఉన్నవాడికి బండి దిగే ఓపిక ఎక్కడుంటుంది? దిగిన ఊపులోనే నాచు దిబ్బ దాటి, తడి ఇసక మీద తిన్నగా కెరిన్ మీదకి తోలాడు.

కెరిన్ కర్ర పారేసి పరిగెత్తింది. మొదటిసారి బండి మూతి ఆమె తుంటికి రాసుకుని, ఆమెని గిరగిరా తిప్పి పడేసింది. లేచింది. వాడు బండి తిప్పేలోగా ఆమె గట్టి ఇసక వదిలి పైకి, బస్సు వైపు, నాచు దిబ్బ మీదకి ఎక్కింది. టైర్లు రాళ్ళలా ఉండటం ఆమె చూసింది. బండి ఆమె వెనకే దిబ్బ ఎక్కి, మూతి బస్సు వైపుగా కూలబడింది. వెనక చక్రాలు రెండూ అరిచి, నల్లటి నాచుని ఆకాశానికి చిమ్మి, ఇరుసు దాకా దిగిపోయాయి.

ఆమె నవ్వింది. అది ఆమె చేసిన తప్పు. వాడు తలుపు తన్ని దిగి, పది అంగల్లో జుట్టు దొరకబుచ్చుకున్నాడు.

వెర్నా చేపలు లాగే కొంకికర్ర పట్టుకుని పరిగెత్తేసరికి వాడి చేతిలోని చేపలు కోసే కత్తి కెరిన్ చెవి కింద ఆనించి ఉంది.

"రా ముసలీ రా. నా ఇంటి ఆడదాన్ని బస్సెక్కించుకుపోయేది నువ్వేనా?"

"వదులు దాన్ని."

"వదుల్తాను. ముందు నా బండి లాగు." వాడి చూపు నీళ్ళ మీదకి పోయింది. పోటు లేస్తోంది. అలల నురగ దిబ్బ అంచుని నాకుతోంది. "ఈ బండి పోయిందంటే ఇద్దర్నీ దీనికే కట్టేసి పోతాను."

అందులో సగం అప్పుడే చేశాడు. కెరిన్‌ని పికప్ స్టీరింగు ముందు కుదేసి, బండి అరలోంచి ప్లాస్టిక్ బిగింపు పట్టీ తీసి ఆమె ఎడమ మణికట్టుని స్టీరింగుకి కట్టి, కరకరమని బిగించాడు. "నేను కేకేసినప్పుడు గేరు వెయ్యి. లేకపోతే అక్కడే ఈదుకో." సీటు వెనకనుంచి బండ్లు లాగే సాగుడు పట్టాలు రెండు తీసి ఒకదానికొకటి ముడేశాడు. ఒక కొసని పికప్ ముందు కొక్కేనికి తగిలించాడు. రెండో కొస పట్టుకుని, కత్తి వెర్నా వీపుకి పెట్టి, ఆమెని అరుగు మీదకి నడిపించాడు. కొంకికర్ర అంతకుముందే పీక్కుని నీళ్ళలోకి విసిరేశాడు.

బస్సు తోకకి ట్రైలర్ తగిలించే ఇనప గుండు ఉంది. ఒక చదరపు గొట్టంలోకి ఇనప నాలుక దూరి ఉంటుంది, నాలుక చివర గుండు, నాలుక జారిపోకుండా గొట్టానికి అడ్డంగా ఒక పిన్ను. బ్రెట్ పట్టా కొసని తిన్నగా ఆ గుండు మీద వేశాడు.

"గుండుకి వెయ్యకు," అంది వెర్నా.

"నోరుముయ్."

"గుండు ట్రైలర్‌కే, ఊడలాగడానికి కాదు. పట్టా రబ్బరులా సాగి తెగలాగితే గుండు విరిగి ఎగురుతుంది. తుపాకీ గుండే. తిన్నగా ఆ పిల్ల ముందున్న అద్దంలోకి పోతుంది. నేను చూశాను. ఫౌలర్స్ బే దగ్గర ఒకడికి ముఖం మిగల్లేదు. వాడి టోపీ చూసి పోల్చుకున్నారు."

కత్తి పిడితో వాడు ఆమె దవడ మీద కొట్టాడు. నోట్లో ఒక పన్ను కదిలింది. నెత్తురు ఊసి ఆమె మళ్ళీ అదే చెప్పింది. "గుండుకి వెయ్యకు."

వాడు కిందకి, పికప్ వైపు చూశాడు. అద్దం వెనక కెరిన్ మణికట్టుని గుంజుకుంటోంది. మొదటి అల వెనక చక్రాల మీదుగా పారి పోయింది.

"తగిల్తే దానికేగా తగిలేది," అన్నాడు.

ఆ మాట విన్నాక వెర్నా ఇంకేమీ వాదించలేదు. నెత్తురు మోచేత్తో తుడుచుకుంది. గొంతు మామూలుగా ఉంది.

"సరే. కానీ గుండు విరిగితే నీ బండి అక్కడే ఉంటుంది. మళ్ళీ లాగడానికి నా దగ్గర ఇంకో గుండు లేదు. నాలుక తీసేసి, పట్టాని గొట్టంలోకే దూర్చి, పిన్ను దాంట్లోంచి వేస్తే, బస్సు చట్రం విరగాలి గానీ పట్టా ఊడదు. నీ బండి, నీ ఇష్టం."

వాడు నీళ్ళ వైపు చూశాడు. బండి వైపు చూశాడు. "తొందరగా కానీ."

"పిన్ను తుప్పు పట్టింది. నా ఒక్కదానివల్ల కాదు. నువ్వు రెండు చేతుల్తో నాలుక పట్టుకుని లాగు. నేను పక్కనుంచి కొడతాను."

మెట్టు కింద పెట్టెలోంచి పొట్టి సమ్మెట తీసింది. వాడు ఒక క్షణం ఆమె చేతిలోని సమ్మెట వైపు, తన కత్తి వైపు చూసుకుని, కత్తిని పళ్ళ మధ్య కరిచిపెట్టి, వంగి, గుండు మీంచి పట్టా తీసి పడేసి, నాలుకని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

ఆ పిన్నుకి వెర్నా నెలనెలా గ్రీజు పెడుతుంది. వేలితో తోసినా వస్తుంది.

ఆమె సమ్మెట పైకెత్తి, మణికట్టు ఎముకలు చేతితో కలిసే చోట చూసుకుని, దింపింది. తడి కట్టె విరిగిన చప్పుడైంది. కత్తి వాడి నోట్లోంచి పెదవిని కోసుకుంటూ పడింది. వాడు అరిచి, ఎడమచేత్తో రాతి మీద కత్తి తడిమి, పైకి లేస్తూనే ఆమె తొడలో ఒక గీత దించాడు. ప్యాంటు తెరుచుకుంది, కింద మాంసం తెరుచుకుంది. ఆమె వెనక్కి జరగలేదు. రెండో దెబ్బ మోకాటి చిప్ప పక్కన, కీలు సందులో వేసింది. వాడు అరుగు మీంచి ఇసకలోకి కూలి, మళ్ళీ లేవలేదు.

కత్తి తీసుకుని వెర్నా కుంటుకుంటూ పరిగెత్తింది. అప్పటికి పికప్ చుట్టూ నడుము లోతు నీళ్ళు. ఒక అల బండిని పక్కకి ఎత్తి దిబ్బకేసి కొట్టింది, ముందుటద్దం పగిలి లోపలికి కూలింది. వెర్నా ఆ అద్దంలోంచే దూరింది. కెరిన్ గడ్డం దాకా నీళ్ళున్నాయి, ఆమె పళ్ళతో ప్లాస్టిక్ పట్టీని కొరుకుతోంది. చర్మం ఊడి వచ్చింది గానీ పట్టీ తెగలేదు.

"చెయ్యి తిప్పకు. తిప్పితే నరం తెగుతుంది."

"కొయ్యి! ఏదైతే అది కొయ్యి!"

వెర్నా నీళ్ళ కింద, కనిపించకుండానే, పట్టీకీ ఎముకకీ మధ్య కత్తి మొన దింపి పైకి లాగింది. పట్టీ తెగింది. తర్వాతి అల ఇద్దర్నీ అద్దంలోంచి బయటకి ఊసేసింది. పాక్కుంటూ దిబ్బ దాటి పైకి వచ్చారు. వెనక బండి ఒకసారి దొర్లి, చక్రాలు పైకి పెట్టి, కప్పు నలిగిపోతూ లోతుకి ఈడ్చుకుపోయింది. లాగుడు పట్టా దాని వెంటే పాములా నీళ్ళలోకి జారింది.

"నా బండి," అని ఏడుస్తున్నాడు బ్రెట్. "నా బండి."

కెరిన్ లేచి వెళ్ళి సమ్మెట తీసుకుంది. వాడి తల దగ్గర నిలబడింది. మణికట్టు నుంచి నెత్తురు సమ్మెట పిడి మీదుగా కారి వాడి ముఖం మీద పడుతోంది. వాడు ఏడుపు ఆపాడు.

"వెర్నా, చెప్పు. ఎక్కడ కొట్టాలి?"

వెర్నా అరుగుకి చేరగిలబడి తొడకి గుడ్డ కట్టుకుంటోంది. "చెబుతాను. చెవికి పైన. ఒక్కటి చాలు." గుడ్డ ముడి బిగించింది. "ఇప్పటిదాకా జరిగింది నా పని. ఆ దెబ్బ వేస్తే అది నీ పని. ఇక జన్మంతా వాడు నీతోనే ఉంటాడు. వద్దనుకుంటే బస్సులోంచి దారం పట్రా."

కెరిన్ సమ్మెటని రెండు చేతుల్తో ఎత్తింది. తర్వాత దాన్ని వాడి చెవి పక్కన ఇసకలోకి జారవిడిచి, బస్సెక్కింది.

దారంతో పాటు, మొదటిరోజు కోసి పక్కన పెట్టిన కర్ర ముక్క కూడా తెచ్చింది. వెర్నా దాన్ని చూసి, ఆమెని చూసింది. దాన్ని రెండుగా చీల్చి వాడి ముంజేతికి రెండు వైపులా పెట్టి, నల్లదారంతో చుట్టింది, చుట్టు పక్కన చుట్టు. వాడు గిజగిజలాడుతుంటే కెరిన్ మోకాలితో భుజం తొక్కిపట్టింది, సాల్మన్‌ని తొక్కినట్టే.

"నా కర్ర అది," అంది వాడితో. "జాగ్రత్త. ఈసారి విరవకు."

ఇద్దరూ వాణ్ణి ఈడ్చి బస్సులో నేల మీద, చేపల బక్కెట్ల మధ్య పడుకోబెట్టారు. ఎలిస్టన్ ఊళ్ళో ఆసుపత్రి గుమ్మం ముందు దింపారు. కాన్‌స్టేబుల్ పాస్కో, నెరుస్తున్న జుట్టు మనిషి, వెర్నా తొడకి కుట్లు వేస్తుండగానే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చేతి దెబ్బ సరే. మోకాలి దెబ్బ ఎందుకమ్మా?"

"లేస్తున్నాడు గనక."

"మొదటిది పిన్నుకి తగలబోయి చేతికి తగిలిందా?"

"కాదు. చేతికే వేశాను. అలాగే రాసుకో."

అతను రాయడం ఆపి ఆమె వంక చూశాడు. "కోర్టుకి రావలసి ఉంటుంది."

"వస్తాను. బస్సు పెట్టుకోవడానికి చోటు చూపించు."

బయట బస్సు రేడియోలో నోబీ గొంతు బొంగురుగా పిలుస్తూనే ఉంది. కెరిన్ మీట నొక్కింది. "నోబీ, చేపలన్నీ ఉత్తరానికి పోయాయి," అంది.

కోర్టు తేదీ వచ్చేదాకా బస్సు ఊళ్ళో వంతెన పక్కన నిలిచింది. దారమంతా బ్రెట్ చేతికే అయిపోవడంతో వెర్నా కొత్త ఉండ తెప్పించింది. అతుకు మీద చుట్టడం మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది, ఎందుకంటే ఆ ఉదయం సగంలో వదిలిన చుట్లు సడలాయి. మూడు పూతలు వేసి, ప్రతి పూతకీ మధ్య తడిపిన గరుకు కాగితంతో రుద్దింది. కర్ర మునుపటికంటే జానెడు పొట్టిదైంది. గాలపు తాడు దూరే ఉంగరాలన్నీ ఊడదీసి, కొత్త పొడవుకి తగ్గట్టు జరిపి కట్టింది.

చివరి పూత ఆరాక కర్రని వంతెన మీదకి తీసుకెళ్ళి, కొసని కమ్మీ కింద దూర్చి, శరీరం బరువంతా వేసి వంచింది. వంగింది. వదిలింది. తిన్నగా నిలబడింది.

కెరిన్ మణికట్టు చుట్టూ కొత్త చర్మం గులాబీ రంగు గాజులా ఉంది. వెర్నా కర్ర ఇచ్చింది. కెరిన్ అతుకు మీద బొటనవేలి గోరు గీసి చూసింది. గోటికి ఎక్కడా ఏమీ తగల్లేదు.